బంతి కాలికి రాకముందే చూపు తిరగాలి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకి పదేళ్లు, రెండేళ్లుగా సాకర్ ఆడుతోంది. ఈ సీజన్‌లో అండర్ 11కి మారింది. దాంతో 7 మంది ఆట పోయి 9 మంది ఆట వచ్చింది. కోచ్ రైట్ మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మధ్య వరసలో కుడిపక్క, ఆడిస్తున్నారు. నిరుడు చురుగ్గా ఆడిన పిల్ల ఇప్పుడు తడబడుతోంది. మొన్న ఒక్క మ్యాచ్‌లోనే మూడుసార్లు ఆఫ్‌సైడ్ ఇచ్చారు. కోచ్ ‘మ్యాన్ ఆన్’, ‘స్టెప్’, ‘డ్రాప్’, ‘స్విచ్’ అని అరుస్తుంటే మాకు ఒక్క ముక్కా అర్థం కాదు. మావారు క్రికెట్ చూస్తూ పెరిగిన మనిషి. గీత బయట నిలబడి ‘కొట్టు, ముందుకు కొట్టు’ అని కేకలేస్తారు. పోయిన వారం పాప కారులో ఏడ్చేసి, ‘నాన్నని మ్యాచ్‌కి రావద్దని చెప్పు’ అంది. బంతి వచ్చాక ఏం చేయాలో తోచట్లేదట. ఈ ఆట గురించి మేం కనీసం ఏం తెలుసుకోవాలి? ఇంట్లో ఏం చేయించాలి?

జవాబు: మీ పాప ఆట ఏం తగ్గలేదమ్మా, మైదానం పెరిగింది. అమెరికాలో 7 మంది ఆటకి మైదానం పొడవు 55 నుంచి 65 గజాలు, వెడల్పు 35 నుంచి 45 గజాలు. 9 మంది ఆటకొచ్చేసరికి పొడవు 70 నుంచి 80, వెడల్పు 45 నుంచి 55 గజాలు. మధ్యస్థంగా లెక్కేస్తే నిరుడు ఒక్కొక్కరి వాటాకి 170 చదరపు గజాల చోటు వచ్చేది, ఇప్పుడు 200 దాటింది. ఒక్కో హాఫ్ 25 నిమిషాల నుంచి 30 నిమిషాలైంది. గోల్ వెడల్పు పద్దెనిమిదిన్నర అడుగులకి మించేది కాదు, ఇప్పుడు 21 అడుగుల దాకా ఉండొచ్చు. బంతి మాత్రం అదే 4వ సైజు. చిన్న మైదానంలో బంతి ఎటుపోతే అటు పరిగెత్తినా నెగ్గుకురావచ్చు. ఈ మైదానంలో అలా చేస్తే పది నిమిషాలకే ఆయాసం వస్తుంది, ఆట ఎప్పుడూ అవతలి పక్కనే జరుగుతున్నట్టుంటుంది.

కోచ్ అరిచే మాటలు పైకి ఎన్ని కనబడ్డా, అన్నీ రెండే సంగతులు చెబుతాయి: ఖాళీ ఎక్కడుంది, దాన్ని వాడుకోడానికి ఎంత సమయం ఉంది. బంతి కాలికి తగిలాక ఈ రెండూ వెతుక్కుంటే అప్పటికే ఎదుటి పిల్ల మీదికి వచ్చేసి ఉంటుంది. ‘బంతి వచ్చాక ఏం చేయాలో తోచట్లేదు’ అని పాప చెప్పిందే, అసలు లోపం సరిగ్గా అక్కడే ఉంది. వచ్చాక ఆలోచిస్తోంది, రాకముందు చూడాలి. దాన్ని ఎలా అలవాటు చేయాలో కింద చెబుతాను. ముందు ఆఫ్‌సైడ్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మూడుసార్లు ఆఫ్‌సైడ్ పడటానికి చాలామటుకు కారణం నిరుటి అలవాటే.

7 మంది ఆటలో మైదానం మీద బిల్డ్ అవుట్ లైన్ అని ఒక గీత ఉండేది గుర్తుందా? పెనాల్టీ ఏరియా (గోల్ ముందున్న పెద్ద పెట్టె) అంచుకీ మధ్యగీతకీ సరిగ్గా నడుమ గీస్తారు. గోల్‌కీపర్ చేతిలో బంతి ఉన్నప్పుడు ఎదుటి జట్టు ఆ గీత వెనక్కి వెళ్లి నిలబడాలి. పిల్లలు భయం లేకుండా వెనక నుంచి పాసులు ఇచ్చుకుంటూ రావడం నేర్చుకోవాలని పెట్టిన మంచి నియమం అది. ఆఫ్‌సైడ్ కూడా ఆ గీత దాటాకే వర్తించేది. అంటే మధ్యగీత దాటి కొన్ని గజాలు ముందుకెళ్లి నిలబడినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. 9 మంది ఆటలో ఆ గీత లేదు. ఇప్పుడు మధ్యగీత దాటిన మరుక్షణం నుంచి ఆఫ్‌సైడ్ ఉంటుంది. నిరుడు తప్పు కాని చోటే ఈ ఏడాది విజిల్ మోగుతుంటే పిల్ల కంగారు పడకుండా ఎలా ఉంటుంది?

నియమం ఇది. తన జట్టు పిల్ల బంతిని తన్నిన క్షణంలో మీ పాప ఎదుటి జట్టు సగంలో ఉండి, బంతి కంటే ముందు ఉండి, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండో మనిషి కంటే కూడా గోల్ గీతకి దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. చివరి మనిషి సాధారణంగా గోల్‌కీపరే కాబట్టి, లెక్కకొచ్చేది ఆఖరి డిఫెండర్. సమానంగా ఉంటే తప్పు లేదు. తల, ఒళ్లు, పాదాలు లెక్కలోకి వస్తాయి, చేతులు రావు. ఊరికే ఆ స్థానంలో నిలబడినంత మాత్రాన తప్పు కాదు. అక్కడి నుంచి బంతి అందుకున్నా, ఎదుటివాళ్లకి అడ్డం వెళ్లినా, ఆ నిలబడ్డ చోటు వల్ల లాభం పొందినా అప్పుడు విజిల్ వేస్తారు. చూడాల్సింది బంతి అందుకున్న క్షణం కాదు, పాస్ కాలి నుంచి బయల్దేరిన క్షణం. తల్లిదండ్రుల వాదనల్లో సగం ఈ తేడా తెలియకే పుడతాయి. మీవారికి అర్థమయ్యేలా చెప్పాలంటే, బౌలర్ బంతి వదలకముందే క్రీజు దాటిన నాన్‌స్ట్రైకర్ లాంటిదే ఇది. పరుగు తప్పు కాదు, బయల్దేరిన వేళ తప్పు.

ఇప్పుడు మీ పాప పరుగునే దగ్గరగా చూద్దాం. బంతి సెంటర్ మిడ్‌ఫీల్డర్ దగ్గర ఉంది. మీ పాప కుడిపక్క గీత దగ్గర ఆఖరి డిఫెండర్‌కి సమానంగా నిలబడి ఉంది. మిడ్‌ఫీల్డర్ మొదటి తాకుడుతో బంతిని కుదురు చేసుకుంటుంది, రెండో తాకుడుతో పాస్ ఇస్తుంది. మీ పాప మొదటి తాకుడుకే బయల్దేరుతుంది. రెండో తాకుడు పడేసరికి డిఫెండర్‌ని రెండు మూడు గజాలు దాటేసి ఉంటుంది. పాస్ ఎంత చక్కగా వచ్చినా ఆఫ్‌సైడే. దీనికి మందు రెండు పనులు. ఒకటి, పాస్ ఇచ్చే పిల్ల తల ఎత్తి చూసి, కాలు వెనక్కి తీసినప్పుడు బయల్దేరాలి. రెండు, తిన్నగా గోల్ వైపు కాకుండా ముందు డిఫెండర్ల వరసకి సమాంతరంగా మూడు నాలుగు అడుగులు పరిగెత్తి, పాస్ పడుతుండగా లోపలికి వంపు తిరగాలి. ఇలా వంపుగా పరిగెత్తితే బంతీ కనిపిస్తుంది, డిఫెండరూ కనిపిస్తుంది. తిన్నగా పరిగెత్తే పిల్లకి రెండూ వీపు వెనకే ఉంటాయి.

ఇంకొక మాట చాలామంది పిల్లలకి ఎవరూ చెప్పరు. త్రో ఇన్ (పక్కగీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం), గోల్ కిక్ (గోల్ ముందు నుంచి తన్నేది), కార్నర్ కిక్ (మైదానం మూల నుంచి తన్నేది), ఈ మూడింటి నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. మీ జట్టుకి కుడిపక్క త్రో వచ్చినప్పుడు పాప డిఫెండర్ల వెనక్కి వెళ్లి నిలబడవచ్చు. వాళ్లు వెనక్కి రాక తప్పదు, దాంతో మధ్యలో చోటు ఖాళీ అవుతుంది. త్రో వేసేటప్పుడు రెండు పాదాలూ నేల మీదే, గీత మీద గానీ గీత బయట గానీ ఉండాలి. రెండు చేతులతో తల వెనక నుంచి తల మీదుగా విసరాలి. పిల్లలు ఊపు కోసం వెనక కాలు గాల్లోకి లేపేస్తారు, త్రో అవతలి జట్టుకి పోతుంది. ఆ కాలి బొటనవేలిని నేల మీద ఈడ్చమని చెబితే సరిపోతుంది.

తలతో కొట్టడం మాటా చెప్పాలి. అమెరికాలో అండర్ 11, అంతకంటే చిన్న జట్లకి హెడింగ్ మ్యాచ్‌లోనూ లేదు, ప్రాక్టీసులోనూ లేదు. కావాలని తలతో కొడితే ఎదుటి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇస్తారు, అంటే ఆ కిక్ నుంచి నేరుగా గోల్ కొడితే చెల్లదు. రిఫరీ చెయ్యి పైకెత్తి ఉంచితే అదే గుర్తు. 9 మంది ఆటలో కీపర్లు బంతిని చేతిలోంచి వదిలి గాల్లోకి తన్నొచ్చు కాబట్టి ఎత్తు బంతులు ఎక్కువ వస్తాయి. వాటి కింద నిలబడి మెడ ఎత్తి చూడటం ప్రమాదం. ఒక అడుగు వెనక్కి జరిగి, పక్కకి తిరిగి నిలబడి, నేల మీద పడి లేచిన బంతిని తొడతోనో ఛాతీతోనో ఆపుకోవాలి.

ఇక ఆ కేకలు. బంతి అందుకునే పిల్లకి వెనక ఏముందో చెప్పేవి మూడు. ‘మ్యాన్ ఆన్’ అంటే వీపు మీదికి ఎవరో వస్తున్నారు, తిరగొద్దు అని. అప్పుడు చేయాల్సింది, పక్కకి తిరిగి బంతికీ ఎదుటి పిల్లకీ మధ్య తన ఒళ్లు అడ్డం పెట్టడం, లేదా ఒక్క తాకుడుతో వచ్చిన చోటికే తిప్పి ఇచ్చేయడం. ‘టర్న్’ అంటే వెనక ఎవరూ లేరు, తిరిగి ముందుకు వెళ్లు. ‘టైమ్’ అంటే నీకు వ్యవధి ఉంది, తల ఎత్తి చూడు. ఈ మూడూ అసలు అరవాల్సింది కోచ్ కాదు, పక్కనున్న పిల్లలు. ఏ జట్టులో పిల్లలే ఈ మాటలు చెప్పుకుంటారో ఆ జట్టు త్వరగా ఎదుగుతుంది.

డిఫెన్స్ కేకలు వేరు. ‘స్టెప్’ అంటే వరసంతా ముందుకు జరగాలి, ‘డ్రాప్’ అంటే వెనక్కి జరగాలి. ఎప్పుడు ఏదన్నది కోచ్ అరిచే దాకా ఆగకుండా పాపే కనిపెట్టొచ్చు. ఎదుటి జట్టులో బంతి ఉన్న పిల్లని చూడాలి. ఆ పిల్ల మీద మనవాళ్ల ఒత్తిడి ఉండి తల దించుకుని ఉందా, లేక వెనక్కి పాస్ ఇచ్చిందా, అప్పుడు ముందుకు జరగాలి. ఎవరూ మీదికి వెళ్లక తల ఎత్తి తీరిగ్గా చూస్తోందా, అప్పుడు వెనక్కి తగ్గాలి, ఎందుకంటే వచ్చేది డిఫెండర్ల వెనక పడే పొడుగు పాస్. టీవీలో పెద్ద జట్లు ఆడేటప్పుడు డిఫెండర్ల వరస కెరటంలా ముందుకీ వెనక్కీ కదిలేది ఈ ఒక్క సూచన చూసే.

‘గోల్ సైడ్’ అని అరిస్తే, నువ్వు కాచుకునే పిల్లకీ మన గోల్‌కీ మధ్యలోకి రా అని. బంతి పోయిన వెంటనే రైట్ మిడ్ చేయాల్సిన మొదటి పని ఇదే. చాలామంది పిల్లలు బంతి పోగానే ఉసూరుమని ఆగిపోతారు. ఆ రెండు మూడు క్షణాల్లోనే ఎదుటి జట్టు మధ్యగీత దాటేస్తుంది. బంతి పోయిందని తెలిసిన క్షణం అయిదు అడుగులు గట్టిగా మన గోల్ వైపు పరిగెత్తడం ఒక్కటి అలవాటైతే చాలు, కోచ్ కళ్లలో పడుతుంది.

ఎదురొచ్చే పిల్లని ఆపడంలో ఒక మెళకువ ఉంది. దూరంగా ఉన్నప్పుడు వేగంగా వెళ్లాలి, చివరి మూడు గజాల్లో చిన్న చిన్న అడుగులతో వేగం తగ్గించుకోవాలి. మోకాళ్లు వంచి, ఒక పాదం ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టి పక్కకి తిరిగి, గజం గజమున్నర దూరంలో ఆగాలి. కళ్లు బంతి మీదే ఉండాలి, ఎదుటి పిల్ల భుజాలు, నడుం ఎటు ఊగినా పట్టించుకోకూడదు. చాలామంది చేసే తప్పు, ఆఖరి అడుగులో కాలు చాచి బంతి మీదికి దూకడం. ఎదుటి పిల్ల బంతిని ఒక్క అంగుళం జరిపితే చాలు, మీ పిల్ల దాటిపోయినట్టే. కుడిపక్క ఆడే పాప ఎదుటి పిల్లని గీత వైపు నెట్టేలా నిలబడాలి. గీత దాటితే బంతి బయటికి పోతుంది కాబట్టి ఆ గీతే రెండో డిఫెండర్. ఈ పనికి పిల్లల కోచ్‌లు ‘కంటెయిన్’ అని గానీ ‘జాకీ’ అని గానీ అంటారు. ఆపి ఉంచు, దూకకు అని దానర్థం. వెనక సాయం వచ్చేదాకా ఎదుటి పిల్లని నాలుగు సెకన్లు నిలిపినా అది గొప్ప డిఫెన్సే.

ఇక్కడ మీవారి ‘ముందుకు కొట్టు’ సంగతి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. బంతి ముందుకు పోతే మంచిది, వెనక్కి పోతే పిరికితనం అని గీత బయట నిలబడేవాళ్లు చాలామంది అనుకుంటారు. మైదానంలో జరిగేది చూడండి. పాప దగ్గర బంతి ఉంది, ఎదురుగా ఇద్దరు. ముందుకు కొడితే పది సార్లలో ఎక్కువసార్లు వాళ్ల కాలికే పోతుంది. పైగా మన పిల్లలంతా ముందుకు పరిగెత్తి ఉంటారు కాబట్టి వెనక అంతా ఖాళీ. అదే బంతిని వెనకున్న రైట్ బ్యాక్‌కి, అంటే కుడిపక్క డిఫెండర్‌కి ఇస్తే, ఆ పిల్ల ఎదురుగా ఎవరూ లేరు. తల ఎత్తి చూస్తుంది, సెంటర్ డిఫెండర్‌కి ఇస్తుంది, ఆ పిల్ల ఎడమపక్కకి ఇస్తుంది. ఎదుటి జట్టంతా కుడిపక్కన పోగైంది కాబట్టి ఎడమపక్క పిల్ల ముందు మైదానం తెరుచుకుని ఉంటుంది. ఇదే ‘స్విచ్’. పెద్దవాళ్లు 40 గజాల పాస్ ఒక్కటి కొట్టి స్విచ్ చేస్తారు. పదేళ్ల పిల్ల కాలికి అంత బలం ఉండదు, అందుకని వెనక నుంచి మూడు పాసుల్లో చేయాలి. బంతి మనుషుల కంటే వేగంగా కదులుతుంది. ఎదుటి జట్టు జరిగే లోపు బంతి చేరిపోవాలి, అంతే దాని రహస్యం. కాబట్టి పాప వెనక్కి ఇచ్చినప్పుడు ‘అయ్యో, వెనక్కెందుకిచ్చావ్’ అన్న మాట ఒక్కటి వినబడిందంటే, కోచ్ నెల రోజులుగా నేర్పుతున్నది ఆ మాటలో కొట్టుకుపోతుంది.

స్విచ్ జరగాలంటే ఎవరో ఒకరు ఎప్పుడూ అవతలి అంచున ఉండాలి. అదే రైట్ మిడ్ ఉద్యోగం. మన జట్టు దగ్గర బంతి ఉన్నంతసేపూ పాప కుడి గీతకి దగ్గరగా, ఒకటి రెండు గజాల దూరంలో ఉండాలి. దీన్నే ‘స్టే వైడ్’ అంటారు. బంతి ఎడమపక్కన ఉండగా అలా ఒంటరిగా నిలబడటం పిల్లలకి చాలా కష్టం. తనని ఆటలో చేర్చుకోనట్టు అనిపిస్తుంది, కాళ్లు వాటంతటవే మధ్యలోకి లాగుతాయి. తను అక్కడ నిలబడటం వల్లే ఎదుటి డిఫెండర్ ఒకరు అక్కడే ఉండిపోవాల్సి వస్తోందనీ, బంతి తాకకపోయినా జట్టుకి పనికొస్తున్నాననీ పాపకి ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి. ఎదుటివాళ్ల దగ్గర బంతి ఉంటే మాత్రం దీనికి తలకిందులు. బంతి ఎడమపక్కన ఉంటే పాప పది గజాలైనా లోపలికి జరిగి మధ్యలో చోటు మూసేయాలి.

మిగతా మాటలు త్వరగా చెప్పేస్తాను. ‘వన్ టూ’ లేదా ‘గివ్ అండ్ గో’ అంటే పాస్ ఇచ్చి ఆగకుండా డిఫెండర్ వెనక్కి పరిగెత్తి మళ్లీ అందుకోవడం. ‘త్రూ బాల్’ అంటే మనిషి కాలికి కాకుండా డిఫెండర్ల నడుమ నుంచి వెనక ఖాళీలోకి వేసే పాస్. ‘స్క్వేర్’ అంటే అడ్డంగా పక్కవాళ్లకి. ‘చెక్’ అంటే ముందు దూరంగా వెళ్లినట్టు రెండడుగులు వేసి, గబుక్కున బంతి వైపు రావడం. ‘ఓవర్‌ల్యాప్’ మీ పాపకి ముఖ్యం. పాప బంతితో లోపలికి వస్తుంటే వెనకున్న రైట్ బ్యాక్ ఆమె బయటి నుంచి ముందుకు పరిగెత్తుతుంది. అలా వెళ్లినప్పుడు రైట్ బ్యాక్ వదిలిన చోటు మీ పాపదే అని గుర్తుండాలి. ఇలా ఇద్దరూ ముందుకెళ్లి చోటు ఖాళీ చేస్తే గోల్ పడే ప్రమాదం ఉంది.

అంకెలు కూడా వినబడుతుంటాయి. 3-3-2 అంటే గోల్‌కీపర్‌ని వదిలేసి వెనక నుంచి ముగ్గురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు. 3-2-3 కూడా చాలా జట్లు ఆడతాయి, అందులో పాప ఇంకాస్త ముందు ఆడుతుంది. కోచ్ ‘సెవెన్‌కి ఇవ్వు’ అంటే చొక్కా మీద 7 ఉన్న పిల్లకని కాదు. 7 కుడి వింగ్ (కుడి అంచు) స్థానం, 6 డిఫెండర్ల ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్, 10 దాడిని నడిపే మిడ్‌ఫీల్డర్, 9 ముందుండే స్ట్రైకర్. పాప చొక్కా నంబర్ ఏదైనా ఆడుతున్న చోటు 7. నా అభిప్రాయం అడిగితే, పదేళ్ల పిల్లని సీజనంతా ఒకే చోట ఆడించకూడదు. డిఫెండర్‌గా నాలుగు మ్యాచ్‌లు ఆడిన పిల్లకే, డిఫెండర్‌ని ఎక్కడ ఇరుకున పెట్టాలో తెలుస్తుంది.

ఇంట్లో చేయించాల్సింది రెండే. మొదటిది చూపు తిప్పడం. పెరట్లోనో డ్రైవ్‌వేలోనో పాప మధ్యలో నిలబడాలి. ఎనిమిది అడుగుల దూరంలో ఎదురుగా మీవారు బంతితో, అంతే దూరంలో పాప వెనక మీరు ఎరుపు, పచ్చ రంగు టోపీలతో. మీవారు బంతిని ముందు తన కాలితో ఒకసారి కుదురు చేసుకుంటారు. ఆ క్షణంలో పాప గడ్డం భుజం మీదికి తిప్పి, మీరు ఏ రంగు ఎత్తారో చూసి పైకి చెప్పాలి. తర్వాతే పాస్. ఎరుపైతే వెనక మనిషి ఉన్నట్టు, ఒక్క తాకుడుతో మీవారికే తిరిగి ఇవ్వాలి. పచ్చయితే ఖాళీ, దూరపు కాలితో బంతిని అందుకుంటూ తిరిగి మీకు ఇవ్వాలి. దూరపు కాలు అంటే, పాప కుడి భుజం మీదుగా తిరగాలనుకుంటే కుడి కాలు. మ్యాచ్‌లోనూ ఇదే. కుడి గీతకి వీపు పెట్టి నిలబడితే, మధ్యలో నుంచి వచ్చే పాస్‌ని కుడి కాలితో తీసుకుంటే ఒంట్లోని తిరుగుడే ముందుకు తీసుకెళ్తుంది. ఎడమ కాలితో తీసుకుంటే మళ్లీ మన గోల్ వైపే మొహం తిరుగుతుంది.

కుడి భుజం మీదుగా పది, ఎడమ భుజం మీదుగా పది, ఒక నిమిషం విరామం, మళ్లీ అంతే. వారానికి మూడుసార్లు చాలు. తేడా ఎక్కడ వస్తుందో చెబుతాను. మొదటి చూపే బంతి బయల్దేరాక అయితే బంతి కాలి కిందనుంచి జారిపోతుంది, అప్పుడు ఇంకా ముందే చూడమని చెప్పండి. ఒళ్లంతా తిప్పి చూస్తుంటే ఆపండి, తిరగాల్సింది తల ఒక్కటే. మీరు ఒకే రంగు పదేపదే ఎత్తితే పాప చూడకుండానే ఊహించి చెప్పేస్తుంది. రెండు వారాలయ్యాక పాప చూసిన తర్వాత రంగు మార్చండి. పాస్ కాలి నుంచి వెలువడగానే చప్పున రెండోసారి చూడటం అప్పుడు అలవాటవుతుంది. మ్యాచ్‌లో మనుషులు ఒక చోట ఆగరు కదా.

రెండోది గోడ. అయిదు గజాల దూరం నుంచి పాదం లోపలి వైపుతో కుడి కాలికి 20, ఎడమ కాలికి 20, తర్వాత ఒక కాలితో ఆపి రెండో కాలితో ఇవ్వడం 20. నిలబడే కాలు బంతి పక్కన జానెడు దూరంలో ఉండాలి, వేళ్లు కొట్టాల్సిన వైపు చూడాలి, కొట్టే కాలి చీలమండ గట్టిగా బిగించాలి. బంతి పైకి లేస్తుంటే ఒళ్లు వెనక్కి వాలుతోందని, పక్కకి పోతుంటే నిలబడే కాలు వంకరగా ఉందని అర్థం. బంతి 4వ సైజే ఉండాలి, అన్నయ్యలు ఆడే 5వ సైజు వద్దు. గాలి రాయిలా గట్టిగా కొట్టించినా బంతి కాలి మీద నిలవదు.

ఎడమ కాలు ఎందుకని మీవారు అడిగితే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చెప్పండి. హైదరాబాద్ పోలీసు జట్టునీ భారత జట్టునీ తీర్చిదిద్దిన హైదరాబాదీ కోచ్ ఆయన. ఆయన చేతిలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రెండు కాళ్లతో ఆడటం, బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకోకుండా వెంటనే పాస్ చేయడం మీద ఆయన పట్టుపట్టేవారు. సికింద్రాబాద్ పిల్లవాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. ఫుట్‌బాల్ మన జంటనగరాల ఆటే, మధ్యలో మరిచిపోయామంతే.

ఇక పాప కన్నీళ్ల విషయం. పదేళ్ల పిల్ల బంతి అందుకునే అర సెకనులో కోచ్ ‘డ్రాప్’ అని, నాన్న ‘కొట్టు’ అని అంటే, రెండూ వినబడి రెండూ చేయలేక నిలబడిపోతుంది. నాన్న మీద ప్రేమ ఉన్న పిల్లకి అది ఇంకా కష్టం. కాబట్టి మీవారు మ్యాచ్ మానక్కర్లేదు, సూచనలు మానాలి. చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి పిలిచి బాగుందనొచ్చు. ‘పాస్’, ‘షూట్’, ‘పరిగెత్తు’ లాంటి క్రియాపదాలు మాత్రం వద్దు. రిఫరీ మీద అసలే వద్దు. ఈ వయసు మ్యాచ్‌లకి విజిల్ పట్టుకునేది చాలాసార్లు హైస్కూల్ పిల్లలే.

నోరు ఊరుకోవాలంటే కళ్లకి పని కావాలి. మీవారిని ఒక హాఫ్‌లో అయిదు నిమిషాలు బంతిని చూడొద్దనండి, పాపని ఒక్కదాన్నే చూడమనండి. బంతి రాకముందు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూసిందో లెక్కపెట్టమనండి. ఆ లెక్క కారులో చెప్పకూడదు. కారులో ఆకలేస్తోందా అని అడిగితే చాలు. రెండు మూడు వారాల తర్వాత లెక్క పెరిగిందనుకోండి, అప్పుడు పాపకి చెప్పండి: ‘నువ్వు ఇదివరకటి కంటే ఎక్కువ చూస్తున్నావ్, నేను గమనించాను’ అని. నాన్న తన ఆటని నిజంగా చూస్తున్నాడని పిల్లకి తెలిసేది అలాంటి మాటతోనే.

ఫ్రిస్కోలో ఉన్నారు కాబట్టి వీలైతే ముగ్గురూ కలిసి మీ ఊళ్లోనే ఆడే ప్రొఫెషనల్ జట్టు ఎఫ్‌సి డల్లాస్ మ్యాచ్‌కి ఒకసారి వెళ్లండి. టికెట్ మధ్యగీత దగ్గర కాకుండా గోల్ వెనక పై వరసల్లో తీసుకోండి. డిఫెండర్ల వరస ఎలా కదులుతోందో, అవతలి అంచున వింగర్ ఎలా కాచుకుని ఉంటాడో అక్కడి నుంచే స్పష్టంగా కనబడుతుంది. ఒక పదిహేను నిమిషాలు కుడి వింగర్‌నే చూడమని పాపకి చెప్పండి.

చివరిగా, కోచ్‌కి ఒక చిన్న ఈమెయిల్ రాయండి, మ్యాచ్ అయిపోయిన వేడిలో కాదు, వారం మధ్యలో. రెండు ప్రశ్నలు చాలు. బంతి ఎడమపక్కన ఉన్నప్పుడు పాప ఎక్కడ నిలబడాలని మీరు కోరుకుంటున్నారు? మీరు ‘డ్రాప్’ అన్నప్పుడు వెనక్కి జరగమనా, బంతిని వెనక్కి ఇవ్వమనా? రెండో ప్రశ్న చిన్నదేం కాదు. కొందరు కోచ్‌లు ఆ ఒక్క మాటనే రెండు అర్థాల్లోనూ వాడతారు, మీ పాప తడబాటులో కొంత అక్కడి నుంచే వస్తూ ఉండొచ్చు.